క్లౌడుకి దొరికిన సెలవు

హలో... అందరికీ వినిపిస్తోందాండీ? స్టవ్ మీద ఏదైనా ఉంటే కట్టేసి వచ్చి కూర్చోండి. మా యానాంలో, ఫరంపేట నాగదుర్గ కథ ఇది.

పెళ్లివారింటి నుంచి తిరిగొచ్చిన ఇత్తడి గుండిగలను నాగదుర్గ చింతపండు పెట్టి తోముతోంది. వాళ్లది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తారు. లోపల భర్త వీరబాబు, కొట్లో కొత్తగా పెట్టించిన దాని గురించి తల్లి సత్యవతమ్మకు చెబుతున్నాడు.

"దీన్ని క్లౌడ్ అంటారమ్మా. మన లెక్కలు మన దగ్గరుండవు. ఎక్కడో కంపెనీవాళ్ల పెద్ద కంప్యూటర్లలో ఉంటాయి. నేను కాకినాడలో ఉన్నా ఫోన్లో చూసుకోవచ్చు. ఫోన్ గోదాట్లో పడిపోయినా ఒక్క బుకింగూ పోదు."

"మరి పెళ్లిళ్లప్పుడు పనెక్కువైతేనో?"

"ఎంత పనుంటే అంతకీ పెంచుకోవచ్చు. సీజనైపోయాక తగ్గించుకోవచ్చు. వాడుకున్నదానికే డబ్బులు. మర్చిపోడమన్నదే లేదు దీనికి."

"నా బంగారుతల్లే!" అంది సత్యవతమ్మ.

నాగదుర్గ చేతిలో పీచు ఆగిపోయింది. కాపురానికొచ్చాక ఆ మాట తన గురించి ఒక్కసారీ వినలేదు. ఎవరింటికి ఎన్ని కుర్చీలు వెళ్లాయో, ఏ వంటవాడు గరిటె తిరిగివ్వలేదో అన్నీ తన బుర్రలోనే కదా ఉండేవి? ఈయన ఎక్కడినుంచో ఫోన్ చేసి "ఏమే, పెద్ద గుండిగ ఎవరింట్లో ఉందే?" అంటే, జ్వరంతో ఉన్న పిల్లను భుజాన వేసుకుని జవాబు చెప్పింది తనే కదా? సీజన్లో తనూ పెరిగింది. సీజనయ్యాక తగ్గించినవాళ్లే లేరు. ఒక్కసారి దీపపు సెమ్మెలు పంపడం మర్చిపోతే పనివాళ్ల ముందే "దీని బుర్రలో పేడుందిరా" అన్నాడు. ఇప్పుడు ఆ క్లౌడులో ఉన్నదంతా తను చెబుతుంటే ఎక్కించినదే! సవతి వస్తే జడ చూసో, చీర చూసో ఏడవచ్చు. దీనికి మొహం కూడా లేదు, దేన్ని చూసి ఏడవాలి?

కనకాలపేటలో అక్క ఫోన్ చేసి, ఈ ఆదివారమైనా రమ్మంది. అడిగితే "సీజన్లో నీకు సెలవేంటే?" అన్నాడు వీరబాబు.

శనివారం సాయంత్రం అతని ఫోన్‌కు మెసేజొచ్చింది. పైకి చదివాడు. "మరమ్మతుల కోసం రేపు మా సేవలు ఆగుతాయి. అసౌకర్యానికి మన్నించండి."

ఇప్పుడు తిడతాడు దాన్ని. నాగదుర్గ చెవులు రిక్కించింది. ఆశగానే.

"పోన్లే పాపం, దానికీ ఓ రోజు కావాలిగా," అన్నాడు. తర్వాత ఇటు తిరిగి, "ఏమే, రేపు బుకింగులన్నీ నువ్వే చూసుకోవాల. ఫోన్ దగ్గర్నించి కదలకు."



ఆదివారం పొద్దున్న వీరబాబు లేచేసరికి వంటింట్లో స్టవ్ చల్లగా ఉంది. సత్యవతమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడింది. "ఏవేవ్!" అని రెండుసార్లు అరిచి, ఫోన్ తీశాడు. పిల్లను తీసుకుని కనకాలపేట ఆటో ఎక్కిన నాగదుర్గ పంపిన మెసేజ్ ఉంది.

"మరమ్మతుల కోసం ఈరోజు నాగదుర్గ సేవలు ఆగుతాయి. అసౌకర్యానికి మన్నించండి. మళ్లీ ఎప్పుడు మొదలయ్యేదీ తర్వాత తెలియజేస్తాను."

ఇదేనండీ కథ. మీ ఇంటి గ్రూపులో కూడా పెట్టండి. మంచం మీంచి కాఫీ కోసం కేకేసే వాళ్లకి మాత్రం విడిగా పంపండి.