నిన్నటి పిట్ట

పొద్దున్నే నీళ్లు పట్టడం, పొయ్యి మీద టీ పెట్టడం, వంటింటి కిటికీ తీసి ఆ రోజు ఏ పిట్ట వచ్చిందో చూడడం. బొంగరం ఇంట్లో ఏడేళ్లుగా ఇదే వరసలో తెల్లవారుతోంది.

బొంగరం ఆ ఇంటి కోడలు. బట్టల మిల్లులో మగ్గం నడుపుతుంది. కాలు ఒకచోట నిలవదని మిల్లులోవాళ్లు పెట్టిన పేరు అది. పెళ్లికి ముందు ఆరేళ్లలో నాలుగు ఊళ్లు, అయిదు మిల్లులు మారింది. మొగుడున్న మూడేళ్లూ అతని మొహం చూసి కుదురుగా ఉంది. అతను జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాక ఇంట్లో ఆమే, చూపు దాదాపు పోయిన అత్తగారే మిగిలారు. ఒకరంటే ఒకరికి పెద్ద ప్రేమేం లేదు. పెట్టె సర్దుకుని వెళ్లిపోదామనుకున్న పొద్దునే మొదటి పిట్ట వచ్చింది. మర్నాడు ఇంకో రకం. ఆ మర్నాడు మరో రకం.

"వచ్చిన పిట్ట మళ్లీ వచ్చిన రోజున నేను వెళ్లిపోతానత్తయ్యా," అని ఆ వారమే చెప్పేసింది.

"అలాగేలే," అన్నారావిడ, బఠాణీలు ఒలుస్తూ.

అన్నీ పాడే పిట్టలే, ఎక్కడెక్కడి దేశాలవో. ఒంటికన్నా తోక మూడింతలున్నది ఒకటి. నీళ్ల బకెట్లోకి దిగి అడుగున నడిచింది ఒకటి. నీలం రంగు గుండీలన్నీ ఏరుకుని ఎత్తుకుపోయింది ఇంకొకటి. ఒక రోజు మామూలు కాకి వచ్చి కూర్చుంటే బొంగరానికి ఒళ్లు మండింది. "అదీ పాటల పిట్టల వంశమేనమ్మా," అని పక్కింటి పంతులుగారు పుస్తకం తెరిచి చూపించారు. ఆ వంశంలో దాదాపు అయిదు వేల రకాలున్నాయని చెప్పిందీ ఆయనే. వీధిలో ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. పాలవాడు "ఇవాళేం వచ్చిందక్కా?" అని అడిగి, పాలు పోసి వెళ్లేవాడు.

మగ్గాల హోరులో అరిగిపోయిన చెవులు బొంగరానివి. మనుషుల మాట గట్టిగా చెబితే అందుతుంది గానీ సన్నటి కూతలు వినిపించడం ఏనాడో మానేశాయి. అందుకని ఆమె చూసేది, అత్తగారు వినేవారు. చూసిన పిట్ట గుర్తుకి, దాని రంగుల దారం ముక్కలు మిల్లు నుంచి తెచ్చి తాడుకి ముడేసేది. ఆ తాడు వంటింటి గోడలన్నీ చుట్టి వచ్చింది.

ఒకసారి ఓ పొడుగు తోక పిట్ట అచ్చం కుక్కర్ కూతే కూస్తే, అత్తగారు తడుముకుంటూ వెళ్లి పొయ్యి కట్టేశారు. ఆ పూట కూర ఉడకలేదు. "మీ చెవులూ మోసపోతాయన్నమాట," అని బొంగరం రెండ్రోజులు నవ్వింది. అత్తగారు రెండ్రోజులు మాట్లాడలేదు.

ఈ ఏడాది మొదట్నుంచీ బొంగరానికి అరికాళ్లలో మళ్లీ దురద మొదలైంది. సర్దిన అల్మారా మళ్లీ సర్దేది. కూర్చున్న కుర్చీలోంచి లేచి ఇంకో కుర్చీలో కూర్చునేది. సముద్రం ఒడ్డున ఓ ఊళ్లో కొత్త మిల్లు పెట్టారని, పని తెలిసినవాళ్లని వెంటనే తీసుకుంటున్నారని విన్నాక మరీ ఎక్కువైంది. కిటికీ తీసినప్పుడు కొత్త పిట్ట కనిపిస్తే ఊరట పడుతోందో, ఉసూరుమంటోందో ఆమెకే తెలిసేది కాదు.

ఆ మంగళవారం కిటికీ తీసింది. బొటనవేలంత పిట్ట. వీపు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు, పొట్ట లేత పసుపు, కంటి మీద సన్నటి గీత. నిన్నటి ముడి పట్టుకొచ్చి పక్కన పెట్టి చూసింది. అవే రంగులు. నిన్నటి పిట్టే.

మంచం కింది పెట్టె లాగింది.

"అత్తయ్యా, ఇవాళ నిన్నటిదే వచ్చింది," అని చెప్పింది బట్టలు కుక్కుతూ.

బఠాణీలు ఒలుస్తున్న చేతులు ఆగాయి. "నిన్నటిదేనా?"

"కళ్లారా చూశాను. పంతులుగారి లెక్కన ఇంకా సగం రకాలు మిగిలే ఉన్నాయి. అయినా వచ్చిందే వచ్చిందంటే, ఈ ఇంటి వంతు అయిపోయినట్టే."

"నువ్వు చూశావుగా. అదే అయ్యుంటుందిలే." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "బస్సెన్నింటికి?"

"పదింటికి. పంతులుగారి భార్యకి చెప్పి వెళ్తాను. రెండు పూటలా వచ్చి చూస్తారు."

"ఆవిడ చేతి ఉప్పు నాకు సరిపడదు. సరే, ఎలాగో కానిస్తాను."

బొంగరానికి కోపం వచ్చింది. ఉండమని అడిగితే కసిరేసి వెళ్లిపోవచ్చు. ఆవిడ అడగడం లేదు. పెట్టె మూత పడకపోతే దాని మీదెక్కి కూర్చుంది. ఎదురుగా అత్తగారు గింజలు వదిలేసి పళ్లెం అంచు మీద వేళ్లు ఆడిస్తున్నారు. ఎప్పుడూ ఉన్న అలవాటే. వయసు తెచ్చిన వణుకని బొంగరం ఏనాడూ పట్టించుకోలేదు. చిటికెనవేలి నుంచి బొటనవేలి దాకా అయిదు వేళ్లూ ఒకదాని వెంట ఒకటి మెట్లు దిగినట్టు జారుతున్నాయి. మళ్లీ చిటికెనవేలితో మొదలు.

నిన్న ఇలా కాదు. నిన్న మిల్లుకి సెలవు కాబట్టి రోజంతా ఇంట్లోనే ఉంది. రెండే వేళ్లు, అటొకటి ఇటొకటి, టక టిక టక టిక అంటూ ప్రాణం తోడేశాయి. "కాస్త ఆపండత్తయ్యా," అని విసుక్కుంది కూడా.

బొంగరం పెట్టె మీద నుంచి లేచింది.

"అత్తయ్యా, నిన్న రెండు వేళ్లతో కొట్టారు."

"కొట్టానా?"

"ఇవాళ అయిదు."

అత్తగారు చేతులు ఒళ్లోకి లాక్కున్నారు.

"ఇది నిన్నటిది కాదు కదూ?"

"నిన్నటిది రెండే మాటలు తిప్పి తిప్పి అనేది. ఇవాల్టిది పైనుంచి జారుకుంటూ వస్తోంది. రంగుల సంగతి నాకేం తెలుసు?"

"మరి చెప్పరేం?"

"చెబితే నిన్ను ఆపడానికి కల్పించానంటావు. నా చెవులు మోసపోతాయని నువ్వేగా అన్నావు."

బొంగరానికి ఏడుపొచ్చింది. ఏడేళ్లుగా ప్రతి పాటా తన కళ్ల ముందే ఆ పళ్లెం మీద సాగుతూనే ఉంది. వచ్చిన ప్రతి పిట్టలోనూ తను సగమే చూసింది.

పది దాటింది. అరికాళ్ల దురద తగ్గలేదు. అయినా వచ్చి నేల మీద కూర్చుని, పళ్లెం పక్కకి జరిపి, తన అరచెయ్యి అత్తగారి వేళ్ల కింద పెట్టింది.

"మొదటి పిట్ట నుంచి కొట్టండి," అంది.

"రెండు వేల పైచిలుకు. అన్నీ నాకు గుర్తుండొద్దూ?" అన్నారు అత్తగారు. "దాని రంగు చెప్పు, గుర్తొస్తుంది."

బొంగరం గోడకున్న తాడులో మొదటి ముడి కోసం కళ్లతో వెతికింది. "నల్లటి తల. మెడ కింద ఎరుపు."

అత్తగారి చూపుడువేలు ఆమె అరచేతిలో మెల్లగా కదిలింది.