కుడికాలు మంచిగుంది

అనుమానం పెనుభూతం అంటారు. ప్రమీలాదేవి లెక్కలో అది ఉద్యోగంలో భాగం. సిద్దిపేటలో పదేళ్లుగా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్న ఆమె, వారం రోజులుగా అర్షియా కుడికాలిని ఓ కంట కనిపెడుతోంది. ఆదివారం హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు ఎంపిక. గాయమేమీ లేదని కోచ్ సంతకం పెడితేనే పిల్లను ఆడనిస్తారు. వయసు దాటిపోతోంది కాబట్టి అర్షియాకు ఇదే ఆఖరి అవకాశం.

నిరుడు ఇదే పిల్ల, కుడి తొడ వెనక కండ చిరిగితే ఎవరికీ చెప్పకుండా మూడు మ్యాచ్‌లు ఆడింది. ఆ తర్వాత ఆరు నెలలు ఆటే లేదు. ఒకసారి చిరిగిన కండ మళ్లీ చిరగడానికి సాకు వెతుక్కుంటుంది. ఒకసారి దాచిన పిల్ల మళ్లీ దాచదని నమ్మకమేమిటి? ఆ పిల్లంటే ప్రమీలాదేవికి ప్రాణం. కోపమూ అందుకే.

కారణాలు లేకపోలేదు. పరుగులో మునుపటి ఊపు లేదు. కుడికాలితో కొట్టాల్సిన బంతిని ఎడమకు మళ్లించుకుని కొడుతోంది. బస్సెక్కేటప్పుడు కూడా బరువంతా ఎడమకాలి మీదే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడట్లేదనుకుంటోంది కాబోలు!

శుక్రవారం పొద్దున గ్రౌండ్‌లో పిల్లను నిలేసింది.

"కుడికాలు నొస్తుందా? నిజం చెప్పు."

"లేదు మేడం. మంచిగుంది."

"మీ అమ్మీ మీద ఒట్టేనా?"

"అమ్మీ మీద ఒట్టు. కుడికాలు మంచిగుంది."

ప్రమీలాదేవి నమ్మలేదు. బోర్లా పడుకోబెట్టి కండను వేళ్లతో గట్టిగా నొక్కింది. పిల్ల మొహం చిట్లించలేదు. ఒక్క కుడికాలి మీదే ఇరవైసార్లు ఎగరమంది. ఎగిరింది. అనవసరంగా అనుమానించానని ప్రమీలాదేవికి సిగ్గేసింది. కాగితం తీసి సంతకం పెట్టేసింది.

"ఇగ ఆ చివరిదాక ఒక్కపారి ఉరికి రా. జోర్‌గ ఉరుకు."

అర్షియా సగం దూరం నిరుటిలాగే ఉరికింది. అంతలో వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉలిక్కిపడి, గడ్డిలో కూలిపోయింది. రెండు చేతులతో ఎడమ తొడను పట్టుకుంది.

ప్రమీలాదేవి పరుగున వెళ్లి పక్కన కూర్చుంది. "గీ కాలు ఎప్పటిసంది నొస్తుందే?"

"నెల అయితుంది మేడం." అర్షియా వెక్కిళ్లు పెడుతోంది. "కుడిది మళ్ల చిరుగుతదని భయమైంది. భారమంతా దీని మీదనే ఏసిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు రోజూ కుడికాలే అడిగిన్రు మేడం."