ఖాళీ సీటు చప్పుడు

టైపు మాస్టారు కారు తీసుకుని ఆ షెడ్డుకు రావడం అది మూడోసారి. అంతకుముందు వేరే షెడ్లవాళ్లు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపి చూసి, చప్పుడూ లేదు ఏమీ లేదు, అంతా మీ భ్రమ అని పంపేశారు. ఇక్కడి మెకానిక్‌ను మాత్రం తోటివాళ్లు పాముచెవులు అని పిలుస్తారు. పొడుగాటి స్క్రూడ్రైవరును ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, జబ్బేమిటో చెప్పేస్తుందామె.

గత రెండుసార్లూ ఆమే నడిపింది. మాస్టారు పక్కన కూర్చున్నారు. చప్పుడు రాలేదు.

"నేనొక్కణ్ణే ఉన్నప్పుడు టకటకమంటుందమ్మా. స్పీడు నలభై దాటితే మొదలు. మీరుంటే నోరెత్తదు," అన్నారాయన మొహమాటంగా.

"మా అత్తగారి దగ్గూ అంతే మాస్టారూ. డాక్టరు గుమ్మం తొక్కగానే మాయం. ఈసారి మీరే నడపండి, నేను వెనక కూర్చుంటా."

పెద్దరోడ్డెక్కి ముల్లు నలభై దాటగానే, ముందరి ఖాళీ సీటు కింద చప్పుడు మొదలైంది. ఆమె ముందుకు వంగి సీటును అరచేత్తో గట్టిగా అదిమింది. ఆగింది. చెయ్యి తీస్తే మళ్లీ వచ్చింది.

"దొరికింది. సీటు కింద బోల్టు వదులైంది. మనిషి కూర్చుంటే బరువుకి అణిగిపోతుంది. ఎన్నాళ్ల నుంచి వస్తోంది?"

మాస్టారు కారు పక్కకు తీసి ఆపారు.

"మూడు నెలలు. మా అక్క పోయిందగ్గర్నుంచీ," అన్నారు. "పంతొమ్మిదేళ్లు ఆ సీటు ఆవిడదే. చూపు లేదు. దారిలో ఏమేం కనిపిస్తున్నాయో చెబుతూ నడిపేవాణ్ణి."

షెడ్డుకు తిరిగొచ్చాక ఆమె సీటు కిందకు దూరి బోల్టు బిగించింది. రెండు నిమిషాల పని.

"ఇక రాదు మాస్టారూ."

"అయితే నేను కూడా రానక్కర్లేదన్నమాట," అని ఆయన నవ్వబోయి ఊరుకున్నారు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను చేశారు.

"చప్పుడు లేదమ్మా. అస్సలు లేదు."

"మంచిదే కదండీ."

"మంచిదే. అదే చెబుదామని."

ఆయన ఫోను పెట్టెయ్యలేదు. ఆమె చేతిలోని పానా బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"భోంచేశారా మాస్టారూ?"

"లేదమ్మా. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించాలంటే బద్ధకం."

"నేనూ తినలేదు. లేచి బియ్యం కడగండి. అన్నం ఉడికేదాకా లైన్లోనే ఉంటాను."