ఓడెల్ ఎడమ చెయ్యి

పొద్దున్నే మాత్ర వేసుకోవాలి. పక్కింటివాళ్ళ నిచ్చెన తిరిగి ఇచ్చెయ్యాలి. నీలం చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. పదింటికల్లా హైస్కూలు లైబ్రరీలో ఉండాలి. ఓడెల్ గురించి ఐదు నిమిషాలకు మించకుండా మాట్లాడాలి. కార్ల్ ఏమన్నా సరే, కోపం తెచ్చుకోకూడదు.

ఆఖరిది రే డూడెక్ రాసుకున్నది కాదు. ఫ్రిజ్ మీద అంటించిన ఆ కాగితం అడుగున అతని భార్య ఐరీన్ ఎర్ర సిరాతో చేర్చింది. చేర్చి, కింద రెండు గీతలు కూడా గీసింది.

"పోయినేడు బల్ల గుద్ది వచ్చావు," అంది కాఫీ పోస్తూ. "గుద్దితే రాలడానికి ఓట్లేమన్నా చెట్టు మీద కాయలా?"

రే నవ్వలేదు. డెబ్బై రెండేళ్ళ ఆ మనిషి కాఫీ పక్కకి జరిపి, మాత్ర వేసుకున్నాడు.

ఒహాయోలో, నది ఒడ్డునున్న కోల్టర్ ఫెర్రీ ఊరి హైస్కూలుకు తనదంటూ ఒక హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. పేరుకే హాలు. నిజానికది మేటి ఆటగాళ్ళ ఫొటోలు పెట్టే జిమ్ము బయటి గోడ. కానీ ఆ గోడకెక్కిన ఆటగాడు ఆ ఊళ్ళో చచ్చినా బతికున్నట్టే. ఎవరిని ఎక్కించాలో తేల్చేది రేతో కలిపి ఏడుగురు. అందులో ఐదుగురు ఔననాలి. మూడుసార్లు ఓడిన పేరును మళ్ళీ ఎత్తకూడదన్నది నియమం. ఓడెల్ ప్రూయిట్ పేరు ఇప్పటికి రెండుసార్లు ఓడింది. ఇది మూడోసారి.

పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో ఆ స్కూలు జట్టు, చేత్తో బంతి విసిరే అమెరికన్ ఫుట్‌బాల్‌లో జిల్లా ఫైనల్ గెలిచింది. రే ఆ జట్టులో సెంటర్. అంటే వంగి నిలబడి, కాళ్ళ సందు నుంచి బంతిని వెనకనున్న క్వార్టర్‌బ్యాక్ చేతుల్లో పెట్టేవాడు. క్వార్టర్‌బ్యాక్ డీన్ హాస్కెల్, బంతి విసిరి జట్టును నడిపేవాడు. ఓడెల్ నల్లవాడు. బంతి విసరడంలో డీన్ కన్నా ఒక పిసరు ఎక్కువే అయినా, జట్టును నడిపే చోటు అతనికి ఇవ్వడం ఆ రోజుల్లో ఆ ఊరికి మింగుడుపడని సంగతి. డీన్ చీలమండ బెణికినప్పుడు మాత్రం నాలుగు ఆటలు ఆడనిచ్చారు.

ఫైనల్ రోజు వాన. బురదలో ఇరవై ఇద్దరూ ఒక్క రంగే. మొదటి సగంలో డీన్ మణికట్టు దెబ్బతింది. రెండో సగమంతా ఓడెల్ ఆడాడు. మూడు టచ్‌డౌన్లకు, అంటే అవతలి జట్టు గీత దాటేలా, బంతి విసిరి గెలిపించాడు. నంబర్లు కనబడని పత్రికవాడు మూడూ డీన్ పేరున రాసేశాడు. "గెలిచాం కదా, ఇప్పుడెందుకు రభస?" అన్నాడు కోచ్. జట్టంతా ఊరుకుంది. పదిహేడేళ్ళ రే కూడా ఊరుకున్నాడు.

డీన్ గోడకెక్కాడు. ఓడెల్ ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. నిరుడు జనవరిలో పోయాడు. పోయే ముందు ఆస్పత్రిలో, "వదిలెయ్యరా రే. నీకు తెలుసు, నాకు తెలుసు. చాలదా?" అన్నాడు.

"చాలదు," అన్నాడు రే.

అంత గట్టిగా అన్న మనిషికి పోయినేడు కాలి కింద నేల కదిలింది. కోచ్ అటక మీద దొరికిన ఆ ఫైనల్ రీలును ఎవరిచేతో డిస్కులోకి ఎక్కించి, కమిటీ పెద్ద కార్ల్ హాస్కెల్ అందరికీ చూపించాడు. కార్ల్ డీన్‌కు తమ్ముడు. డీన్ ఇప్పుడు లేడు. బొమ్మలో మొహాలు లేవు, నంబర్లు లేవు. కానీ రెండో సగంలో బంతి విసిరినవాడు కుడిచేత్తో విసిరాడు. ఓడెల్‌ది ఎడమచేతి వాటం.

ఆ రోజు రే గుద్దింది బల్లనే అయినా, దెబ్బ తగిలింది అతనికే. ఆనాడు నోరు మూసుకున్న తప్పును కడుక్కోడానికి లేని జ్ఞాపకం తానే కల్పించుకున్నాడా? ఈ మధ్య మనవరాళ్ళ పేర్లే తారుమారవుతున్నాయి. ఏడాదిగా అతనికి సరిగ్గా నిద్ర లేదు.

లైబ్రరీలో పొడుగాటి బల్ల చుట్టూ ఏడుగురూ చేరారు. రే తన ఐదు నిమిషాలూ మాట్లాడాడు.

"నాలుగు ఆటలు," అన్నాడు కార్ల్. "రికార్డులో ఉన్నవి నాలుగే. నాలుగు ఆటలాడిన ప్రతివాణ్ణీ ఎక్కిస్తే గోడ నది దాకా కట్టాలి."

"ఫైనల్ కూడా కలుపు," అన్నాడు రే.

"మళ్ళీ అదే పాట! ఒరేయ్, నీ తలకి ఎన్ని దెబ్బలు తగిలాయో లెక్క లేదురా. నిన్ను తప్పుపట్టను. కానీ బొమ్మ అబద్ధం చెప్పదు. మారిబెత్, ఒక్కసారి వెయ్యమ్మా. దీంతో సరి."

చరిత్ర పాఠాలు చెప్పే మారిబెత్ టాంకో డిస్కు వేసింది. రంగు లేని బొమ్మ, జోరువాన. అందరి కళ్ళూ బంతి విసిరేవాడి మీదే. ఆ కుడిచెయ్యి లేస్తుంటే రే చూడలేకపోయాడు. చూపు దించుకున్నాడు. దించిన చూపు, వంగి నిలబడ్డ సెంటర్ మీద పడింది. అది తనే. ఆ బక్క నడుం, ఊడిపోయిన ఆ బూటు లేసు తనవే. ఫుట్‌బాల్లో సెంటర్‌ను ఎవరూ చూడరు. పోయినేడు తనూ చూసుకోలేదు.

ఆ కుర్రాడు బంతిని ఎడమచేత్తో అందించాడు.

"ఆపండి," అన్నాడు రే. "వెనక్కి తిప్పండమ్మా. ఇంకోసారి."

మళ్ళీ ఎడమచెయ్యే.

"నేను జన్మలో ఎడమచేత్తో బంతి అందించలేదు. ఈ చేత్తో చెంచా కూడా పట్టుకోలేను. ఐరీన్‌నడగండి. ఈ బొమ్మ తిరగబడింది, అద్దంలో చూసినట్టు!"

కార్ల్ మొహం ఎర్రబడింది. "వానలో చెయ్యి మార్చుంటావు. ఏం మాటలురా ఇవి, పసిపిల్లాడిలా?"

అప్పటిదాకా కునుకుతున్నాడనుకున్న గస్ మార్కెటీ ముందుకు వంగాడు. ఊళ్ళోని ఉక్కు మిల్లులో, అది మూతపడేదాకా పనిచేసిన మనిషి. ఎనభై ఒకటి నిండాయి.

"ఉండండెహె. అమ్మాయ్, ఆ మూల ఏంటవి? పొగగొట్టాలేనా?"

మైదానం వెనక వానలో మసగ్గా మూడు పొగగొట్టాలు. మిల్లును కూల్చి నలభై ఏళ్ళు కావస్తోంది. వాటిని చూసి వరస చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో పట్టుమని పదిమంది లేరు.

"ఈ బొమ్మ ఎక్కణ్ణించి తీశారు?"

"మన గ్యాలరీలోంచి," అన్నాడు కార్ల్. "కోచ్ ఎప్పుడూ అక్కణ్ణించే తీయించేవాడు."

"మన గ్యాలరీలో కూచుంటే నది ఎడంపక్క. పెద్ద గొట్టం నదివైపు. దాని కింద ఇరవై రెండేళ్ళు చెమటోడ్చానయ్యా, నాకు తెలీదా? ఇందులో చూడండి, పెద్దది కుడిపక్కనుంది." గస్ వెనక్కి వాలాడు. "రే చెప్పింది నిజం. డిస్కు ఎక్కించినవాడెవడో తిరగేసి ఎక్కించాడు."

తెరమీద ఆ బురద కుర్రాడు చెయ్యెత్తి ఆగిపోయి ఉన్నాడు. కుడిచెయ్యి కాదు, ఎడమది. రేకు ఏడాదిగా గుండెమీదున్న రాయి దిగింది. తను కల్పించుకోలేదు.

కార్ల్ తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. గొంతులో పెద్దరికం లేదు.

"డీన్‌కి తెలుసా?"

అబద్ధం చెబితే ఓటు పడుతుందేమోనని రేకు ఒక్క క్షణం అనిపించింది. ఒకసారి ఊరుకున్న పాపం చాలనుకున్నాడు.

"మణికట్టుకి ఐసుగడ్డ కట్టుకుని బెంచీమీద కూచుని చూశాడు, కార్ల్. తెలీకుండా ఎలా ఉంటుంది?"

చీటీలు పంచారు. కార్ల్ చీటీ మీద పెన్ను పెట్టి, రాయకుండా కూచున్నాడు. చివరికి రాసి, నాలుగు మడతలు పెట్టాడు.

మారిబెత్ ఒక్కొక్కటే విప్పింది. ఔను. ఔను. కాదు. ఔను. కాదు. ఔను. నాలుగు ఔనులు. చేతిలో మిగిలింది నాలుగు మడతల చీటీ. అది విప్పి బల్లమీద సాఫు చేసింది.

"కాదు," అంది.

కార్ల్ కారు దగ్గర రే కోసం ఆగాడు. "అది నాదే. నీకూ తెలుసులే. రేపు మధ్యాహ్నం భోజనానికి డీన్ పెళ్ళాం దగ్గరికి వెళ్ళాలి. హాల్లో ఆ ఫైనల్ ఫొటో కిందే కూచోబెడుతుంది. ఏ మొహం పెట్టుకుని కూచోనురా?"

కోపం తెచ్చుకోకూడదని కాగితం మీద ఉంది. కానీ రేకు తీరా చూస్తే కోపమే రాలేదు. "రెనీటా మొహం చూడాల్సింది నేను," అన్నాడు. ఓడెల్ కూతురింటి వైపు కారు తిప్పాడు.

నియమం నియమమే. ఆ గోడ మీద ఇక ఎప్పటికీ ఆ పేరు రాదు. డీన్ హాస్కెల్ ఫొటో కింద 'ఫైనల్లో మూడు టచ్‌డౌన్లు' అన్న మాట ఇవాళ్టికీ అలాగే ఉంది. మీరెప్పుడైనా ఆ దారిన పోతే, జిమ్ము బయట ఒక్క నిమిషం ఆగండి. గోడను ఏమీ అనకండి. అక్కడ లేని మనిషి పేరు మటుకు ఒకసారి తలుచుకోండి: ఓడెల్ ప్రూయిట్, స్కూలు బస్సు డ్రైవరు, క్వార్టర్‌బ్యాక్, ఎడమచేతి వాటం. గోడ మరిచిపోయింది. మీరైనా గుర్తుపెట్టుకోండి.