పసుపు కర్టెన్

మా అత్తగారికి చూపు మసకబారి చాలాకాలమైంది. కానీ ఆ సంగతి ఆవిడ ఏనాడూ ఒప్పుకోలేదు. టీ కప్పులో పోయబోయి బల్ల మీద పోసేది. పక్కింటావిడని నేననుకుని చీవాట్లు పెట్టేది. ఏమన్నా అంటే, "నాకు శుభ్రంగా కనిపిస్తోందే" అనేది. తనవల్ల ఎవరూ ఇబ్బంది పడకూడదని ఆవిడ పట్టుదల. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఎలాగో ఒప్పించి ఆపరేషన్ చేయించాం. డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. "రేపు కట్టు విప్పుతాం. చూపు సరిగా రాకపోతే వెంటనే మళ్లీ తీసుకురావాలి. ఆలస్యమైతే ఆ కాస్త చూపూ దక్కదు. ఆవిడ ఎలాగూ నిజం చెప్పరు, మీరే కనిపెట్టాలి" అన్నాడు.

కనిపెట్టడానికి నేనొక ఎత్తు వేశాను. ఆవిడ గది కిటికీకి ఎప్పుడూ తెల్ల కర్టెనే. ఇంటికొచ్చేసరికి దాని రంగు మారిపోవాలి, ఆ మాట నేను అడక్కుండా ఆవిడ నోట రావాలి.

కూరగాయలతో, వంటింటి సరుకులతో గుడ్డలకి రంగు వేయడం నాకు పిచ్చి. ఉల్లిపొట్టు ఉడకబెట్టి మా ఆయన బనియన్లన్నీ తుప్పురంగుకి తెచ్చాను. బీట్‌రూట్‌తో వేసిన దిండు గలీబుని వీధంతా మెచ్చుకుంది, మొదటి ఉతుకులోనే ఆ రంగు ఎటు పోయిందో పోయింది. "ఈ ఇంట్లో ఇంకా తెల్లగా మిగిలినవి నా పళ్లే" అని మా ఆయన ఏడుపు. ఆయన బస్సు డ్రైవరు. యూనిఫాం మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు.

కర్టెన్ని గంజి వదిలేదాకా ఉతికి, పటిక నీళ్లలో నానబెట్టాను. పెద్ద గిన్నెలో పసుపు మరిగించి, అందులో దాన్ని వేసి కర్రతో తిప్పుతూ నిలబడ్డాను. ఎండ తగిలితే వెలిసిపోతుందని నీడలోనే ఆరేశాను. నా గోళ్లు, వంటింటి గట్టు, ముక్కు కొసా అన్నీ పచ్చబడ్డాయి. కిటికీకి వేలాడదీసేసరికి గదికే కొత్త కళ వచ్చింది. ఎంత సంతోషం వేసిందంటే, ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను.

మర్నాడు ఆవిడని తీసుకురావడానికి నేను వెళ్లాను. ఇల్లు శుభ్రం చేస్తానని మా ఆయన ఉండిపోయారు. ఆసుపత్రిలో కట్టు పూర్తిగా విప్పకముందే ఆవిడ "కనిపిస్తోంది" అనేసింది. నేను నమ్మలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టి, చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చాను. గదిలో కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీసి, కిటికీకి వీపు పెట్టి ఆవిడ ముఖమే చూస్తూ నిలబడ్డాను.

"పసుపు కర్టెన్ భలే ఉందే" అంది.

ఎగిరి గంతేయబోయి ఆగాను. ఇల్లంతా పసుపు వాసన, కిటికీ దగ్గర మరీ ఘాటుగా. గుమ్మంలోనే ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చడం నేను గమనించాను. ముక్కుతో చూసి నోటితో చెప్పడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. పడిన శ్రమంతా బూడిదలో పోసినట్టయింది. మళ్లీ ఆసుపత్రికి పోవాల్సిందే అనుకున్నాను.

"ఆ ఎర్ర చెయ్యి మావాడిదే కదూ. చిటికెన వేలు ఎంత వంకరగా పడిందో" అంది ఆవిడ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేనివి కూడా కనిపిస్తున్నాయా ఈవిడకి అనుకుంటూ వెనక్కి తిరిగాను.

పసుపు కర్టెన్ మధ్యలో ఎర్రగా ఒక అరచెయ్యి. అయిదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి.

మా ఆయన బకెట్‌తో గుమ్మంలో నిలబడి ఉన్నారు. "సబ్బునీళ్లతో కిటికీ అద్దాలు కడిగాను. కర్టెన్ అడ్డమొస్తుంటే తడిచేత్తో గోడకి నొక్కిపట్టుకున్నా. ఇలా అవుతుందని నాకేం తెలుసు" అన్నారు.

పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వంకరపోయిన ఆయన చిటికెన వేలు ఉన్నదున్నట్టు అందులో పడింది. ఆ చెయ్యి సంగతి నాకే తెలియదు. దాని గురించి ఎవరూ ఆవిడ చెవిన వేయలేదు. దానికి వాసనా లేదు. ఆవిడ దాన్ని కళ్లతోనే చూసింది.

ఆవిడని వాటేసుకుని బావురుమన్నాను.

"కర్టెన్ పాడైందని ఏడుస్తున్నావా? ఏ మరకైనా నిమ్మకాయ రుద్దితే పోతుందని నువ్వే అంటావుగా" అంటూ మా ఆయన వంటింట్లోకి పరిగెత్తి నిమ్మచెక్కతో వచ్చారు.

"దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను" అన్నాను. ఆ నిమ్మచెక్కని గ్లాసు నీళ్లలో పిండి, పంచదార వేసి ఆయన చేతికే ఇచ్చాను.

ఈలోగా మా అత్తగారు నన్ను ఎగాదిగా చూస్తోంది.

"ఏమే, నీ జుట్టు ఇంతలా ఎప్పుడు నెరిసింది?"

"మీరు శుభ్రంగా కనిపిస్తోందని చెప్పినన్నాళ్లూ నెరుస్తూనే ఉంది, అత్తయ్యా."

ఆవిడ నా తల దగ్గరికి లాక్కుని, పాపిట పక్క వెంట్రుకలు ఒక్కొక్కటే విడదీసి చూసింది.

"ఇంట్లో ఉల్లిపొట్టు ఏమన్నా మిగిలిందా?" అంది.