వెనక కూర్చునే చోటు

క్రూజర్ మోటార్‌సైకిల్ చప్పుడు వీధి మలుపులోనే వినపడింది. తమ్ముడు చేతిలోని సుత్తి పక్కన పెట్టేసి, బావ వస్తున్నాడని ఎప్పట్లాగే పని బల్ల మీద కాస్త జాగా చేశాడు. ఆ తర్వాత గానీ గుర్తు రాలేదు, బావ పోయి రెండేళ్ళయిందని.

షెడ్డు ముందు బండి దిగింది అక్క.

"టైరు గీరుకుంటోందిరా. గతుకు తగిలితే చాలు, వెనక నించి కర్రుమంటోంది."

అక్క పొట్టి మనిషి. కాళ్ళు నేలకందాలని పోయిన నెల వెనక షాకబ్జర్లు తీయించి పొట్టివి వేయించుకుంది. దాంతో మడ్‌గార్డు చక్రం మీదికి దిగింది. టెయిల్ లైటు బిగించిన బోల్టులు టైరును రాచేస్తున్నాయి. మడ్‌గార్డు కొస కోసేసి, లైటును నంబరు ప్లేటు పక్కకు మార్చడం తప్ప దారి లేదు.

కోయాల్సింది కంపెనీ మడ్‌గార్డయితే తమ్ముడు గంటలో పని కానిచ్చేవాడే. ఇది బావ ఇదే షెడ్డులో, నెల రోజులు, ఒట్టి రేకును కొట్టి కొట్టి తీర్చిన మడ్‌గార్డు. నడుమ చేప వెన్నులాంటి గీత. కొసకు నాలుగు వేళ్ళ పైన ఆ గీత రెండుగా చీలి, రెండు ఆకుల్లా విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ చేద్దామంటే అంత మందం రేకూ దొరకదు, ఆ చెయ్యీ లేదు.

"కుదరదంటే చెప్పెయ్. అమ్మేస్తాను. నడపలేని బండిని రోజూ తుడుస్తూ కూర్చోలేను," అంది అక్క.

"అమ్మేదాకా వెళ్ళకు. ఎక్కి కూర్చో, ఎక్కడ కొయ్యాలో గీత గీస్తాను."

ఖాళీ బండి మీద గీసిన గీత గీతే కాదనేవాడు బావ. మనిషి ఎక్కితే స్ప్రింగులు దిగుతాయి, చక్రం పైకొస్తుంది, అప్పుడు గియ్యాలి. ఎంత తొందరలో ఉన్నా ఆ పద్ధతి తప్పనిచ్చేవాడు కాదు.

అక్క ఎక్కి కూర్చుంది. తమ్ముడు కింద గొంతుక్కూర్చుని, టైరుకూ రేకుకూ నడుమ వేళ్ళు దూర్చి చూసి చాక్‌పీసుతో గీశాడు. కొస నుంచి ఆరు వేళ్ళు. ఆకులు రెండూ పోతాయి. లైటు విప్పి, వైర్లతో సహా నంబరు ప్లేటు పక్కన పట్టుకున్నాడు.

"బ్రేకు తొక్కక్కా, ఎలా ఉంటుందో చూద్దాం."

లైటు వెలగలేదు.

"తొక్కమంటున్నానా?"

"అందట్లేదురా."

తల ఎత్తి చూశాడు. అక్క వెనక సీటు మీద కూర్చుని ఉంది. కాళ్ళు వెనక ఫుట్‌రెస్టుల మీద, చెయ్యి ఎవరి నడుమో పట్టుకున్నట్టు ముందుకు చాచి ఉంది. ముందు సీటు ఖాళీ.

ఆమె కూర్చోవడంలోనూ, అతను గియ్యడంలోనూ ఇద్దరికీ తప్పు కనపడలేదు. ఇరవై ఆరేళ్ళు ఆ బండి మీద అక్క చోటు అదే మరి.

అక్కకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. "పదేళ్ళ పిల్ల కూడా చెయ్యదురా ఇలాంటి పని."

"గీసినవాణ్ణి నేను. నాకెంతుండాలి బుద్ధి?"

ఆమె ముందుకు జరిగి కూర్చుంది. ఈసారి గీత మూడు వేళ్ళ దగ్గరే పడింది. తమ్ముడి ప్రాణం లేచొచ్చింది. "ఆకులు మిగిలాయక్కా. బావ పని పోలేదు."

అక్క దిగి వచ్చి రెండు గీతలూ చూసింది. "మూడు వేళ్ళు కోస్తే వెనక ఎవరైనా ఎక్కొచ్చా?"

"ఎక్కితే మళ్ళీ గీరుకుంటుంది. వెనక సీటు తీసేస్తాను. ఒక్కదానివేగా."

ఆమె వేలితో ఒక ఆకు అంచు వెంట నిమిరింది.

"ఈ ఆకులు ఆయన నాకెప్పుడూ చూపించలేదురా. నేనెప్పుడూ వాటి మీదే కూర్చుని ఉండేదాన్ని. ఆయన నాకిచ్చింది వెనక చోటు. వాన వస్తే ఆ వీపు చాటున తల దాచుకునేదాన్ని. అది తీసెయ్యకు. ఇద్దరి బరువుకి గియ్యి."

"ఆకులు పోతాయే."

"తెలుసు."

తమ్ముడు పక్క కొట్టు పెయింటర్‌ను కేకేసి చాక్‌పీసు చేతికిచ్చాడు. అక్క ముందు ఎక్కింది. వెనక తమ్ముడు ఎక్కాడు. బండి మూలిగి కిందికి దిగింది.

"అన్నా, నీ బరువుకి గీస్తే మడ్‌గార్డు మొత్తం కొయ్యాలి," అన్నాడు పెయింటర్.

"నోర్మూసుకుని గియ్యి."

చేతులెక్కడ పెట్టుకోవాలో తమ్ముడికి తోచలేదు. చివరికి అక్క భుజం పట్టుకున్నాడు. ఆమె బ్రేకు తొక్కి హ్యాండిల్ నిటారుగా పట్టుకుంది.

గీత ఏడు వేళ్ళ దగ్గర పడింది. తమ్ముడు దిగి, కళ్ళద్దాలు పెట్టుకుని కటింగ్ మిషను తీశాడు. రేకు అదరకుండా అక్క రెండు చేతులతో నొక్కి పట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంది. కోత పూర్తయ్యేదాకా ఆమె ఒక్కసారి కూడా ఆపమనలేదు.