రియాద్ గడియారం

చెన్నయ్య వ్యాను అద్దం తుడుస్తూనే ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "దుబాయ్ అయితే మూడున్నర గంటలు. రియాద్ అంటే మూడు వేల మూడు నూర్ల కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. నడుమ ఏడనన్న దిగితే మాత్రం నాకు తెల్వదు. పొయ్యి ఇప్పుడే ఆర్పకుండ్రి."

వనపర్తిలో శవాల వ్యాను నడిపేవాడికి ఇన్ని లెక్కలెందుకని నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ. యాభై ఎనిమిదేళ్లొచ్చినా విమానం మెట్టెక్కని మనిషి, గల్ఫ్ నుంచి వచ్చే పెట్టెలను పదమూడేళ్లుగా శంషాబాద్ నుంచి ఊళ్లకు చేరుస్తున్నాడు. ఇంట్లో పీనుగుంటే పొయ్యి వెలిగించరు. మరి పీనుగు ఇరవై రోజులకు వచ్చేదైతే పిల్లలు ఎప్పటినుంచి పస్తుండాలి? చెన్నయ్యే ఒక పద్ధతి పెట్టాడు. అక్కడ విమానం లేచాకే ఇక్కడ పొయ్యి ఆర్పాలి. ఊళ్లన్నీ ఆ మాట పట్టుకున్నాయి. అందుకే అతను నిమిషం కూడా తప్పు చెప్పడు.

ఈరోజు వచ్చేది కోడేరు ఓబయ్య. రియాద్‌లో నీళ్ల ట్యాంకరు నడిపేవాడు, నిద్రలోనే గుండె ఆగింది. పోయిన సెలవులో అతనిచ్చిన చిన్న గడియారమే వ్యానులో ముందర అతికించి ఉంది. అందులో ఎప్పుడూ అక్కడి టైమే, మనకంటే రెండున్నర గంటలు వెనక.

విమానం మన పదకొండుకు లేస్తుందని నిన్ననే ఆ ఇంటికి చెప్పాడు. చెప్పినట్టే లేచింది. కాగితాల మీద సంతకానికి ఓబయ్య తమ్ముడు జగదీశ్‌ను ఎక్కించుకుందామని కోడేరు చేరేసరికి పన్నెండు.

"వదిన నిన్నటిసంది మెతుకు ముట్టలే. అమ్మ తినకుంటే కవిత గూడ తింటలేదు," అన్నాడు జగదీశ్ మెల్లగా.

ఓబయ్య భార్య ఈదమ్మ గడపలోనే నిలబడి ఉంది. పెదవులు పగిలిపోయాయి. చెన్నయ్య నోటిమాట కోసమే పొయ్యిలో నిప్పు ఉంచింది.

"లేసిందా అన్నా?"

లేచిందంటే అంతే. పెట్టె ఊరు చేరేసరికి రాత్రవుతుంది, మట్టి చేసేది తెల్లారాకే. అప్పటిదాకా తల్లీబిడ్డలు పస్తు. చెన్నయ్య వ్యాను దగ్గరికి పోయి గడియారం పీకి తెచ్చాడు. అందులో తొమ్మిదిన్నర.

"పదకొండుకు గద లేసేది? ఇంకా గంటన్నర ఉంది. జర తిను చెల్లె."

పదమూడేళ్లలో అది అతని మొదటి అబద్ధం. ఈదమ్మ గడియారాన్ని చాలాసేపు చూసింది. కూతుర్ని పిలిచింది. ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. చెన్నయ్య గోడవైపు తిరిగాడు.

చెయ్యి కడుక్కొని ఈదమ్మ పొయ్యిలో నీళ్లు చల్లింది.

"నాలుగేండ్లు ఆయన ఫోను కోసం గీ రెండున్నర గంటలే లెక్కవెట్టిన. నాకు తెల్వదా అన్నా? పిల్ల తింటదని కూసున్న." అతని చేతిలోని గడియారం అందుకొని అంది, "గడియారం ఈడ్నే ఉండనీ."

చెన్నయ్యకు కళ్లు నిండాయి. తలూపి వ్యానెక్కాడు. జగదీశ్ తలుపు వేసుకున్నాడు.

ఊళ్లో పన్నెండున్నర. చల్లారిన పొయ్యి పక్క గూట్లో ఓబయ్య గడియారం పది చూపిస్తూ నడుస్తోంది.